బిడ్డ పుట్టిన బరువును బడి దాకా వెళ్లనివ్వండి: వైద్య ఆరోగ్య శాఖకు ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ కమిషనర్ గార్లకు నమస్కారం.

విజయనగరం జిల్లాలో 31 ఏళ్లు ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరయ్యాను. మా ఇంట్లో బీరువా కింది అరలో తొమ్మిది రూళ్ల నోటు పుస్తకాలున్నాయి. నా సబ్‌సెంటర్ పరిధిలో పుట్టిన పిల్లల లెక్క అది. తల్లి పేరు, ఊరు, ఎన్నో కాన్పు, ఎన్ని వారాలకు పుట్టింది, బరువెంత. ఇవన్నీ ప్రభుత్వ రిజిస్టర్‌లోనూ రాశాను. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్నిచోట్ల అంకెలు కలవవు. నోటు పుస్తకంలో 2.4 ఉన్నచోట రిజిస్టర్‌లో 2.5 ఉంటుంది.

ఆ 2.5 రాసింది నేనే. రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు బిడ్డ కింద లెక్క. నెలవారీ మీటింగులో లేపి నిలబెట్టి, "నీ దగ్గరే ఇంతమంది ఎందుకు?" అని అడుగుతారు. బిడ్డను గుడ్డ ఉయ్యాల్లో పడుకోబెట్టి వేలాడే త్రాసుకు తగిలిస్తే, బిడ్డ కాలు కదిపినప్పుడల్లా ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగే ముల్లును పై గీత దగ్గర చదివి రిజిస్టర్ నింపేదాన్ని. ఇంటికొచ్చాక మాత్రం మనసొప్పక నోటు పుస్తకంలో నిజం రాసుకునేదాన్ని. నూరు గ్రాములే కదా, తల్లిపాలు తాగితే పది రోజుల్లో వస్తుంది అనుకున్నాను. ఆ నూరు గ్రాములకు ఊపిరితిత్తులతో సంబంధం ఉంటుందని నాకు అప్పుడు తెలియదు.

తెలిసింది నా మనవరాలి వల్ల. మా అమ్మాయికి ఎనిమిదో నెల స్కానింగ్‌లో బిడ్డ గ్రోత్ తక్కువగా ఉందన్నారు, ఉమ్మనీరు తగ్గిందన్నారు. డాప్లర్ తీసి, బొడ్డుతాడులో రక్తం సరిగ్గా పారడం లేదన్నారు. 38 వారాలకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. 1.9 కిలోలు. పుట్టగానే గట్టిగా ఏడ్చింది. 1800 గ్రాముల లోపు పిల్లలను ఎస్‌ఎన్‌సీయూలో, అంటే పసిబిడ్డల ప్రత్యేక చికిత్స వార్డులో, చేర్చుకుంటారు, మా పిల్ల ఆ గీతకు నూరు గ్రాములు పైన ఉంది. "నెలలు నిండిన బిడ్డే కదండీ, ఊపిరితిత్తులకు ఢోకా లేదు" అని చెప్పి పంపించారు. అంత సర్వీసు ఉన్న నేను కూడా అదే నమ్మాను.

ఏడాది నిండేలోపు రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. మూడో ఏట నుంచి జలుబు చేసిందంటే చాలు, తెల్లవారుజామున పిల్లికూతలు. మంచం మీద కూర్చోబెట్టి, గౌను పైకెత్తి, సెకన్ల ముల్లున్న గడియారం చేతిలో పట్టుకుని, పొట్ట లేచినప్పుడల్లా ఒకటి, రెండు అని లెక్కపెట్టేదాన్ని. ఇలా లెక్కపెట్టడం నాకు కొత్త కాదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 వచ్చినా దాటినా న్యుమోనియా అనుమానించాలని ఆశా కార్యకర్తలకు నేర్పినదాన్ని నేను. మనవరాలి దగ్గరికి వచ్చేసరికి టెన్షన్‌తో ముప్ఫై దాటగానే లెక్క తప్పేది. మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టేదాన్ని.

నాలుగేళ్లలో నలుగురు డాక్టర్లకు చూపించాం. అలర్జీ అన్నారొకరు, వాతావరణం పడటం లేదన్నారొకరు, పెద్దయితే అదే పోతుందన్నారొకరు. తప్పుగా చెప్పారని నేను అనడం లేదు. కానీ పుట్టినప్పుడు బరువెంత అని ఎవరూ అడగలేదు. ఏడో ఏట మొదటిసారి స్పైరోమెట్రీ చేశారు, అంటే గొట్టంలోకి బలంగా ఊదించి గాలి కొలిచే పరీక్ష. ఆ డాక్టరమ్మ గీత చూసి, పిల్లను ఒకసారి చూసి, "పుట్టినప్పుడు ఎంత బరువుంది? ఎన్ని వారాలకు?" అని అడిగింది. చెప్పాను. "ఇదొక్కటే కారణమని నేను చెప్పలేనమ్మా. కానీ ఈ మాట మూడేళ్లప్పుడే తెలిసి ఉంటే ఇంకోలా చూసేవాళ్లం" అంది. ఆ రాత్రి నోటు పుస్తకాలు బయటికి తీశాను.

తర్వాత ఆ డాక్టరమ్మ దగ్గరే కూర్చుని అడిగి తెలుసుకున్నదీ, మా అబ్బాయి చేత చదివించుకున్నదీ నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. మీలో డాక్టర్లు ఉంటారు, మీకిది పాత పాఠమే కావచ్చు. ఊళ్లలో పనిచేసే మాలాంటి వాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

కడుపులో నాలుగో వారంలో అన్ననాళం నుంచి చిన్న మొగ్గలా ఊపిరితిత్తి మొదలవుతుంది. ఆ మొగ్గ రెండు కొమ్మలై, ఆ కొమ్మలు మళ్లీ చీలి, దాదాపు 16, 17 వారాలకల్లా గాలిగొట్టాల చెట్టు మొత్తం తయారైపోతుంది. ఆ తర్వాత గొట్టాలు పొడవూ వెడల్పూ పెరగడమే తప్ప కొత్త కొమ్మలు రావు. అంటే తల్లికి నాలుగో నెల నిండేసరికే ఆ బిడ్డకు జీవితాంతం ఎన్ని గొట్టాలుంటాయో తేలిపోతుంది. మేం గర్భిణి పేరు నమోదు చేసేది చాలాసార్లు అప్పటికి గానీ కుదరదు. కొత్తకోడలు మూడో నెల దాటేదాకా నోరు విప్పదు కదా. కొమ్మల చివర ఆకుల్లాంటి వాయుగోణులు, రక్తంలోకి ప్రాణవాయువు ఎక్కేచోటు, 36వ వారం ప్రాంతంలో మొదలవుతాయి. పుట్టాక మొదటి రెండు మూడేళ్లలో వేగంగా పెరుగుతాయి. పెద్దవాళ్లలో సగటున 48 కోట్ల దాకా ఉంటాయని లెక్కగట్టారు.

కడుపులో బిడ్డ ఊపిరితిత్తిలో గాలి ఉండదు, నీరుంటుంది. ఆ నీరు ఊపిరితిత్తి తానే ఊరించుకున్నది. ఆ నీటితోనే బిడ్డ ఊపిరి పీల్చే కసరత్తు చేస్తూ ఉంటుంది. స్కానింగ్‌లో ఛాతీ లేచి పడటం కనిపిస్తుంది. ఆ కసరత్తు వల్లే ఊపిరితిత్తి సాగి పెరుగుతుంది. మావి నుంచి రక్తం తగ్గితే బిడ్డ ఏం చేస్తుందో విన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉన్న కొద్దిపాటి రక్తాన్నీ మెదడుకీ గుండెకీ పంపించుకుంటుంది. మిగతా ఒంటికి తగ్గించుకుంటుంది. ప్రాణవాయువు ఆదా కోసం ఊపిరి కసరత్తు కూడా తగ్గించేస్తుంది. కరువొచ్చినప్పుడు ఇంట్లో తల్లి తన కంచంలోది తీసి పిల్లల కంచంలో వేసినట్టు, కడుపులో బిడ్డ తన ఊపిరితిత్తుల వాటా తీసి మెదడుకు పెడుతుంది. అలా బతికి బయటపడిన బిడ్డను చేతిలోకి తీసుకుని మనం 1.9 అని రాసి పేజీ తిప్పేస్తున్నాం.

గొర్రెల మీద ఆస్ట్రేలియాలో దీన్ని పరీక్షించి చూశారు. కడుపులో మావి సరిగ్గా పనిచేయకుండా చేసినప్పుడు పుట్టిన పిల్లలకు వాయుగోణులు తక్కువగా ఉన్నాయి, ఉన్నవాటి మధ్య గోడలు మందంగా ఉన్నాయి. గాలికీ రక్తానికీ మధ్య పొర మందమైతే ప్రాణవాయువు దాటడం కష్టం. ఆ గొర్రెలకు రెండేళ్లు వచ్చాక చూసినా తేడా పోలేదు. గొర్రెకు రెండేళ్లంటే అది నిండుగా ఎదిగిన వయసు.

ఇక్కడ ఒక పాత నమ్మకం గురించి చెప్పాలి. ఎదుగుదల తగ్గిన బిడ్డ కడుపులో కష్టపడుతుంది కాబట్టి ఊపిరితిత్తులు తొందరగా పక్వానికొస్తాయని ఒకప్పుడు డాక్టర్లలోనే ఉండేది. తర్వాత వేల మంది నెలలు నిండని పిల్లల రికార్డులు చూస్తే, ఒకే వయసు పిల్లల్లో ఎదుగుదల తగ్గిన వాళ్లకే ఊపిరి ఇబ్బంది ఎక్కువగా కనిపించింది. నెలలు నిండకముందే నొప్పులొస్తే డెక్సామెథసోన్ మొదటి డోసు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపమని మాకూ నేర్పారు. ఎంతో ప్రాణం కాపాడే సూది అది. కానీ అది ఊపిరితిత్తి అతుక్కుపోకుండా చూసే పదార్థాన్ని తొందరగా తయారు చేయిస్తుంది, లేని వాయుగోణులను తెచ్చిపెట్టదు. 'పక్వానికి రావడం', 'సరిపడా పెరగడం' వేర్వేరు సంగతులని నా సర్వీసు మొత్తంలో నాకెవరూ విడదీసి చెప్పలేదు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ సంగతి. 1911లో అక్కడ ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే హెల్త్ విజిటర్ల పెద్ద, జిల్లాలో పుట్టిన ప్రతి బిడ్డ బరువూ రాసే పద్ధతి పెట్టించింది. మంత్రసానులు పుట్టగానే తూకం వేసేవారు. హెల్త్ విజిటర్లు ఏడాది పొడవునా ఇంటికెళ్లి, ఏం పాలు తాగుతోంది, ఏ జబ్బు చేసింది, ఏడాదికి బరువెంత అని లెడ్జర్లలో రాసేవారు. ఆ లెడ్జర్లు దశాబ్దాల పాటు భద్రంగా ఉన్నాయి. డేవిడ్ బార్కర్ అనే ఆయన బృందం వాటిని పట్టుకుని, ఆ పిల్లలు అరవై ఏళ్ల పెద్దలయ్యాక వెతికి ఊదించి చూసింది. 1991లో ఫలితం అచ్చైంది. పుట్టిన బరువు ఒక పౌను, అంటే 450 గ్రాముల పైచిలుకు, పెరిగినకొద్దీ మొదటి సెకనులో ఊదగలిగే గాలి సుమారు 60 మిల్లీలీటర్లు పెరిగింది. పొగ తాగడం లెక్కలోకి తీసుకున్నా తేడా నిలిచింది. పసితనంలో న్యుమోనియా, కోరింత దగ్గు వచ్చినవాళ్లకు ఇంకా తగ్గింది. తక్కువ బరువుతో పుట్టినవాళ్లే పెద్దయ్యాక ఊపిరితిత్తుల జబ్బుతో ఎక్కువగా చనిపోయారు.

అరవై మిల్లీలీటర్లంటే చిన్న టీ గ్లాసుడు గాలి. ఆరోగ్యంగా ఉన్నవాడికి అది లెక్కే కాదు. డెబ్బై ఏళ్ల వయసులో మెట్టు ఎక్కలేక గోడ పట్టుకున్న మనిషికి ఆ గ్లాసుడే కావాలి.

మన పక్కనే మైసూరులోనూ ఇది జరిగింది. హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో 1934 నుంచి బిడ్డల బరువు, పొడవు, తల చుట్టుకొలత రాసి దాచారు. అక్కడ పుట్టి నడివయసుకు వచ్చిన దాదాపు మూడు వందల మందిని పరీక్షిస్తే తక్కువ బరువుతో పుట్టినవాళ్ల ఊదే శక్తి తక్కువగా తేలింది. ఆ వ్యాసం 1997లో వచ్చింది. ఇది తెల్లవాళ్ల దేశం సంగతి అని పక్కన పెట్టడానికి లేదు. ఆ పుస్తకాలు నింపిన నర్సమ్మలెవరో మనకు తెలియదు. వాళ్లు ముల్లును పై గీత దగ్గర చదివి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

చిన్నగా పుట్టిన ప్రతి బిడ్డకూ ఇలా జరుగుతుందని తల్లులను భయపెట్టకండి, నేనూ భయపెట్టను. తల్లీ తండ్రీ పొట్టివాళ్లైతే బిడ్డ సహజంగానే చిన్నగా ఉండొచ్చు. ఎదుగుదల ఆగిపోయి చిన్నగా పుట్టడం వేరు. పైగా ఊపిరితిత్తి పుట్టాక కూడా పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో 1990ల మొదట్లో పుట్టిన పిల్లలను వెంబడించి చూస్తే, నెలలు నిండి ఎదుగుదల తగ్గి పుట్టినవాళ్లు 8, 9 ఏళ్లప్పుడు తక్కువగా ఊదారు. 14 నుంచి 17 ఏళ్లకు వచ్చేసరికి ఆ తేడా తగ్గింది. ఊపిరితిత్తుల బలం ఇరవై, ఇరవై అయిదు ఏళ్లకు శిఖరానికి చేరి అక్కడి నుంచి దిగుతుంది. కాబట్టి మన చేతిలో ఇరవై ఏళ్లున్నాయి. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చెప్పిందేమిటంటే, సీఓపీడీ, అంటే గాలిగొట్టాలు బిగుసుకుపోయి ఆయాసపడే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు, వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఊపిరితిత్తులు మొదట్నుంచీ పూర్తి ఎత్తుకు ఎదగనే లేదు. పొగ తాగి పాడుచేసుకున్నారని మనం అనుకునేవాళ్లలో ఎందరు పుట్టుకతోనే లోటుతో వచ్చారో!

మన దగ్గర ఎంతమంది ఉంటారు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, బరువు తెలిసిన పిల్లల్లో దేశం మొత్తం మీద 18 శాతం రెండున్నర కిలోల లోపు. నాలాగా 2.4ను 2.5గా రాసిన చేతులెన్నో మీరే ఆలోచించండి. అందుకే మొదటి విన్నపం, తక్కువ బరువు రాసిన ఏఎన్‌ఎంను మీటింగులో నిలబెట్టకండి. నిజం రాసినందుకు మెచ్చుకోండి. బరువు పక్కన ఎన్ని వారాలకు పుట్టిందో తప్పనిసరి చేయండి. 34 వారాలకు 2 కిలోలూ, 39 వారాలకు 2 కిలోలూ ఒకటి కావు. మొదటి బిడ్డ తొందరపడి వచ్చింది, రెండో బిడ్డ ఆకలితో వచ్చింది.

తర్వాత, ఆ అంకెను ముందుకు పంపండి. తల్లీబిడ్డ కార్డు మూడేళ్లకు చిరిగి ట్రంకుపెట్టె అడుక్కు పోతుంది. ఇప్పుడు ఆన్‌లైన్ ఎంట్రీలున్నాయి, ఒక మనిషి ఆరోగ్య రికార్డులన్నీ కలిపే ఆభా నంబర్లున్నాయి. 2013 నుంచి బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వెళ్లి పిల్లలను పరీక్షిస్తున్నాయి. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో పిల్లికూతల జబ్బు ఇప్పటికే ఉంది. నేను కొత్త పథకం అడగడం లేదు. ఆ బృందం చేతిలోని కాగితం మీద ఒక్క గడి: పుట్టిన బరువు, వారాలు. ఆ గడిలో తక్కువ అంకె ఉండి, పిల్లవాడు జలుబు చేసినప్పుడల్లా ఆయాసపడతాడని తల్లి చెబితే, ఆరేళ్లు నిండాక ఒక్కసారి జిల్లా కేంద్రంలో ఊదే పరీక్షకు పంపండి. బస్సు ఛార్జీలు కూడా ఇప్పించండి. మా మండలం నుంచి జిల్లా ఆసుపత్రికి వెళ్లొస్తే తల్లికి ఒకరోజు కూలి పోతుంది, ఆ కూలి పోతుందనే చాలామంది వెళ్లరు.

కడుపులో ఉన్నప్పుడే పట్టుకోవాలంటే టేపు చాలు. పొట్ట కింది ఎముక నుంచి గర్భసంచి పైఅంచు దాకా సెంటీమీటర్లలో కొలిస్తే, 24 వారాల తర్వాత ఆ అంకె సుమారుగా వారాలతో సరిపోవాలి. మూడు సెంటీమీటర్లు తగ్గితే స్కానింగ్‌కు పంపాలి. కానీ రద్దీ రోజున ఒక ఏఎన్‌ఎం డెబ్బై మంది గర్భిణులను చూడాలంటే టేపు జేబులోనే ఉంటుంది, చేత్తో తడిమి '28 వారాలు' అని రాసేస్తాం. మనుషులను పెంచకుండా మమ్మల్ని తిట్టి లాభం లేదు.

ఇళ్లలో మాటలు కూడా మారాలి. కడుపునిండా తింటే బిడ్డకు చోటుండదనీ, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమనీ కోడలికి అన్నం తగ్గించే అత్తలను ఇప్పటికీ చూస్తున్నాను. ఐరన్ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని పారేసేవాళ్లున్నారు. మా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరప్రాంతాల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగుతారు. వయసు మళ్లినవాళ్లే ఎక్కువ, నిజమే. కానీ బాలింత గదిలో పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది వాళ్లే.

సాంబ్రాణి గురించి రాయకుండా ఉండలేను. నీళ్లు పోశాక బిడ్డకు పొగ వేయడం మన ఇళ్లలో ఎంత ప్రేమతో చేసే పనో నాకు తెలుసు. పళ్లెంలో నిప్పులు, వాటి మీద చిటికెడు సాంబ్రాణి, పైన గంప బోర్లించి, ఆ గంప మీద బిడ్డ. 1.9 కిలోల మనవరాలికి నేనే వేశాను. తలకు పట్టిన జలుబు పోతుందని మా అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్ల అమ్మ చెప్పింది. గది నిండా తెల్లటి పొగ, అందులోంచి బిడ్డ చిన్న దగ్గు వినబడితే "మంచిదే, కఫం కదులుతోంది" అన్నాను. అసలే వాయుగోణులు తక్కువున్న బిడ్డకు, అవి పెరగాల్సిన నెలల్లో, నా చేతులతో పొగ పట్టాను. ఈ మాట ఆశా కార్యకర్తల శిక్షణలో చేర్చండి. వాళ్లు బిడ్డ పుట్టిన ఆరు వారాల్లో ఆరుసార్లు ఇంటికి వెళతారు. తల్లిపాలు, బొడ్డు, బరువు చూస్తారు. పొగ కూడా చూడమనండి: కట్టెల పొయ్యి ఏ గదిలో ఉంది, దోమల కాయిల్ ఎక్కడ వెలుగుతోంది, సాంబ్రాణి వేస్తున్నారా. అమ్మమ్మల మనసు నొప్పించకుండా చెప్పే పద్ధతి మా ఆశాలకు బాగా తెలుసు. ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలకు ఇచ్చే న్యుమోనియా టీకా ఇలాంటి పిల్లలకు ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా చూసుకోమనండి.

మనవరాలికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఇన్‌హేలర్ వాడుతోంది, స్కూల్లో ఖోఖో ఆడుతోంది. పోయిన నెల ఊదే పరీక్షలో గీత కొంచెం పైకి లేచింది. ఇంట్లో పొయ్యి బయటికి మార్చాం, కాయిల్ మానేశాం.

నా తొమ్మిది నోటు పుస్తకాల్లో ఉన్న పిల్లల్లో పెద్దవాళ్లకు ఇప్పుడు ముప్ఫై దాటాయి. కొందరు విశాఖలో వెల్డింగ్ పనిచేస్తున్నారు, కొందరు హైదరాబాద్‌లో సిమెంటు పనికి వెళ్లారు, ఆడపిల్లలు తల్లులయ్యారు. వాళ్ల పేర్లు బయటికి రాకుండా చూస్తామని రాతపూర్వకంగా హామీ ఇస్తే, మీ శాఖ నుంచి గానీ మెడికల్ కాలేజీ నుంచి గానీ ఎవరు వచ్చినా ఆ పుస్తకాలు ఇస్తాను. రిజిస్టర్‌తో పోల్చుకోవడానికి వీలుగా, రిజిస్టర్‌లో 2.5 అని తప్పు రాసిన ప్రతి బిడ్డకూ, నోటు పుస్తకంలోని నిజం అంకె పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి ఉంచాను. మూడో పుస్తకం మధ్య పేజీలు వానకు తడిసి సిరా కారింది. అవి చదవడానికి నేను పక్కన కూర్చోవాలి, కూర్చుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
విజయనగరం జిల్లా